సినిమా చూశాక మీకేమనిపించిందో రాసుకోవడం ఎలా: హైదరాబాద్ ప్రేక్షకుడికి ఒక మార్గదర్శి

సినిమా అయిపోయి లైట్లు వెలిగాక మన అభిప్రాయం మన దగ్గర ఎక్కువసేపు నిలవదు. మెట్లు దిగుతుంటే ముందు నడుస్తున్నతను "సెకండాఫ్ ల్యాగ్ ఉంది మామా" అంటాడు. పార్కింగ్‌లో బండి తీస్తుంటే ఫ్రెండ్ "బీజీఎం మాత్రం పిచ్చెక్కించాడు" అంటాడు. ఫోన్ తీస్తే అయిదుకి రెండు ముప్పావు అని ఎవరో అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు. మర్నాడు ఆఫీసులో ఎవరైనా అడిగితే మన నోట వచ్చేవి ఆ మూడు మాటలే. రెండున్నర గంటలు చీకట్లో కూర్చుని మనం నిజంగా ఏం అనుభవించామో, దాని ఊసే ఉండదు.

అందుకే ఈ మార్గదర్శి. రివ్యూ రాయడం ఎలాగో ఇందులో లేదు. మీ కోసం మీరు పెట్టుకునే సినిమా నోటుబుక్కు గురించే అంతా. దానికి ఉన్న నియమం ఒక్కటే: మీకు ఏదైనా అనిపిస్తే, దానికి తెర మీద కారణం దొరికేదాకా వదలకూడదు. మిగతా అడుగులన్నీ ఈ ఒక్క పని కోసమే.

ముందు సినిమాలు ఎంచుకోండి, జతలుగా

ప్రతి శుక్రవారం వచ్చినదల్లా చూస్తూ పోతే నోటుబుక్కు విడుదలల పట్టికలా తయారవుతుంది. ఒక కొత్త సినిమా, దానికి తోడు ఒక పాత సినిమా పెట్టుకోండి. రెండింటి మధ్య ఏదో ఒక పోలిక ఉంటే చాలు. ఉదాహరణకు 'బలగం' (2023) చూశాక 'సీతారామయ్యగారి మనవరాలు' (1991) చూడండి. రెండింట్లోనూ విడిపోయిన ఇల్లు ఉంది, మధ్యలో ఒక పెద్దాయన ఉన్నాడు, మాట పట్టింపు ఉంది. మొదటిదాంట్లో తెలంగాణ పల్లె, చావింటి ఆచారాలు, ముద్ద ముట్టని కాకి. రెండోదాంట్లో గోదావరి గాలి, అక్కినేని పెద్దరికం. ఒకదానికి కళ్ళు చెమర్చి రెండోదానికి చెమర్చకపోతే, ఎందుకన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. విడిగా చూస్తే ఆ ప్రశ్న రాదు.

'మాయాబజార్' (1957) పక్కన 'బాహుబలి' (2015) పెట్టొచ్చు. 'శివ' (1989) పక్కన ఈ మధ్య వచ్చిన ఏ యాక్షన్ సినిమానైనా పెట్టి, దెబ్బ తగిలినట్టు ఎందులో అనిపించిందో చూసుకోవచ్చు. జతకు పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఒకే నటి ఉన్నా చాలు, ఒకే ఊరు ఉన్నా చాలు.

ఊరు అంటే గుర్తొచ్చింది, మన నగరంలో పాత సినిమాకు చోట్లు లేవని అనుకోకండి. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో, రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో అప్పుడప్పుడు ప్రదర్శనలు ఉంటాయి. పెద్ద హీరోల పాత సినిమాలను 4కె చేసి పుట్టినరోజులకు మళ్ళీ వేస్తున్నారు. మిగతావి యూట్యూబ్‌లో, ఓటీటీల్లో దొరుకుతాయి.

వెళ్ళేముందు చేయాల్సింది తక్కువ, మానాల్సింది ఎక్కువ

టీజర్ చూశారంటే సరే, ఎలాగూ తప్పించుకోలేం. ట్రైలర్ మాత్రం వద్దు. తెలుగు ట్రైలర్ చాలాసార్లు కథంతా చెప్పేసి, ఇంటర్వెల్ సీన్ కూడా చూపించేస్తుంది. రివ్యూలు అసలే వద్దు. ప్రీమియర్ల టాక్ చెవిన పడకుండా ఉండాలంటే వాట్సాప్ గ్రూపులను ఆ ఒక్క రోజుకి మ్యూట్‌లో పెట్టండి.

నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకోండి: ఈ సినిమాకి ఎందుకు వెళ్తున్నాను? "హీరో కోసం", "ఆ పాట పెద్ద తెర మీద చూడాలని", "ఇంట్లో వాళ్ళు బుక్ చేశారు కాబట్టి". ఏదైనా నిజం రాయండి. వచ్చాక మీకు కలిగిన నిరాశలో సగం సినిమాది కాదనీ, ఈ వాక్యానిదేననీ చాలాసార్లు తేలుతుంది.

ఎక్కడ చూశారన్నది కూడా స్పందనలో భాగమే

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మొదటిరోజు పొద్దున్నే సినిమా చూడడం ఒక అనుభవం. అదే సినిమాని గచ్చిబౌలి మల్టీప్లెక్స్‌లో మంగళవారం మధ్యాహ్నం చూడడం ఇంకో అనుభవం. సుదర్శన్, దేవి, సంధ్యల్లో అభిమానుల షోకి వెళ్తే హీరో ఎంట్రీలో డైలాగు ఒక్క ముక్క వినపడదు. పేపర్ల ముక్కలు తెరకు అడ్డంగా ఎగురుతాయి. ఆ ఊపులో మీ ఒళ్ళు గగుర్పొడిచిందంటే అది హాలు వల్లా, సీను వల్లా? రెండూ కావచ్చు, కానీ రెండింటినీ విడిగా రాయండి. "హాలు ఊగిపోయింది, నేనూ ఊగాను, సీను మళ్ళీ చూడాలి" అన్నా చాలు.

నా మటుకు నేను మొదటి వారాంతం వదిలేసి వారం మధ్యలో మ్యాట్నీకి వెళ్ళడమే ఇష్టపడతాను. జనం సగం ఉంటారు. నవ్వాల్సిన చోట నవ్వుతారు, విసుగొస్తే ఫోన్లు తీస్తారు. ఆ ఫోన్ల వెలుగులు ఎక్కడెక్కడ మొదలయ్యాయో గుర్తుపెట్టుకుంటే స్క్రీన్‌ప్లే గురించి ఏ పుస్తకమూ చెప్పనంత తెలుస్తుంది. మెట్రో దిగితే హాళ్ళు అక్కడే కాబట్టి క్రాస్ రోడ్స్‌కి బండి తీసుకెళ్ళే బాధ కూడా ఇప్పుడు లేదు.

కాబట్టి ప్రతి పేజీ పైన ఇవి ఉండాలి: తేదీ, థియేటర్, ఏ షో, ఎవరితో, కడుపు నిండి ఉందా ఖాళీనా. చివరిది నవ్వులాటకి రాయలేదు. ఆకలి మీద చూసిన సినిమాకి సెకండాఫ్ ఎప్పుడూ పొడుగే.

ఒక చిన్న మాట. బోర్డు మీద 70 ఎం.ఎం. అని ఉన్నంత మాత్రాన లోపల 70 ఎం.ఎం. ఫిల్ము ఆడుతోందని అనుకోకండి. ఇప్పుడు అంతటా డిజిటల్ ప్రొజెక్షనే. బొమ్మ మసకగా ఉంటే, సంభాషణ గింగురుమంటే అది కూడా పేజీలో రాయండి. లేకపోతే ప్రొజెక్టర్ తప్పు కెమెరామన్ ఖాతాలో పడుతుంది.

హాల్లో కూర్చున్నప్పుడు

రాయకండి. చీకట్లో ఫోన్ వెలిగించడం వెనక వరస వాళ్ళకి చిరాకు. పైగా రాస్తున్నంతసేపూ మీరు చూడడం లేదు. అంతగా మరిచిపోతానని భయముంటే ఇంటర్వెల్‌లో రెండు ముక్కలు రాసుకోండి.

ఇంటర్వెల్ అంటే మనకి పాప్‌కార్న్ విరామం మాత్రమే కాదు కదా. తెలుగు సినిమాని చాలామంది ఇంటర్వెల్ చుట్టూనే అల్లుతారు. ఇంటర్వెల్ బ్యాంగ్ కుదిరితే సగం గట్టెక్కినట్టే అని పరిశ్రమలో అనుకుంటారు. అందుకే ఆ పదిహేను నిమిషాల్లో ఒక పని చేయండి: తర్వాత ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారో రాయండి. ఏం జరగాలని కోరుకుంటున్నారో దాని కింద రాయండి. ఈ రెండూ ఒకటే అయితే సినిమా మిమ్మల్ని తన వెంట నడిపిస్తోందన్నమాట. రెండోదానికి రాయడానికి ఏమీ తోచకపోతే ఆ పాత్రల మీద మీకు ఇంకా ప్రేమ పుట్టలేదు.

బయటికొచ్చాక మొదటి అరగంట

అసలు పని ఇక్కడ ఉంది. ముందుగా, నెక్లెస్ రోడ్ ప్రసాద్స్‌లో పొద్దుటి షో చూసి బయటికొస్తుంటే మైకులు పట్టుకుని పబ్లిక్ టాక్ వాళ్ళు ఉంటారు. తప్పుకుని వెళ్ళండి. మైకు ముందు మనిషి తనకి అనిపించింది చెప్పడు, అరవడానికి వీలైంది చెప్తాడు. ఒకసారి అరిచాక దానికే కట్టుబడిపోతాడు.

ఎవరితోనైనా వెళ్ళి ఉంటే, చాయ్ వచ్చేదాకా సినిమా మాట ఎత్తొద్దని ముందే ఒప్పందం చేసుకోండి. ఇరానీ కేఫ్‌లో కూర్చుని, ఉస్మానియా బిస్కెట్ విరిచేలోపు ఎవరి పేజీ వాళ్ళు రాసుకోండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ తర్వాత జరిగే వాదన రెండింతలు రంజుగా ఉంటుంది.

పేజీలో ఏం రాయాలి? కథ వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. కళ్ళు మూసుకుంటే మొదట కనిపించే బొమ్మ ఏదో అది రాయండి. హీరోయిన్ ముఖం కావచ్చు, వెనక గోడ మీద క్యాలెండర్ కావచ్చు. ఆ తర్వాత ఎక్కడ వాచీ చూసుకున్నారో రాయండి. విసుగు సినిమా అంతటా ఒకే మోతాదులో ఉండదు, ఒక చోట మొదలవుతుంది. ఆ చోటు తెలిస్తే "ల్యాగ్" అనే మాటతో పని ఉండదు. ఆ తర్వాత చెవిలో ఏం మిగిలిందో చూసుకోండి. మాటా, పాటా, చప్పుడా?

ఈ దశలో కొన్ని మాటలు వాడకూడదు. బాగుంది, బాగోలేదు, ఎమోషనల్, నెక్స్ట్ లెవెల్, డీసెంట్, వన్ టైమ్ వాచ్. ఇవి తప్పు మాటలేమీ కావు. తొందరగా వచ్చేస్తాయి, వచ్చాక వెతకడం ఆగిపోతుంది. అందుకే పేజీ చివరికి నెట్టేయండి. పైన మాత్రం జరిగింది రాయండి: నవ్వాను, గొంతు పట్టేసింది, కుర్చీలో ముందుకు జరిగాను, పక్కవాడి మోచేయి మీదకు ధ్యాస పోయింది.

అనిపించినదానికి కారణం వెతకడం

మాట వరసకి 'జెర్సీ' (2019) తీసుకుందాం. హైదరాబాద్ రంజీ జట్టులో చోటు కోసం ముప్పై ఆరేళ్ళ వయసులో మళ్ళీ బ్యాటు పట్టిన అర్జున్ కథ. చూసొచ్చిన చాలామంది మొదటి పేజీలో ఇలా ఉంటుంది: "రైల్వే స్టేషన్ సీన్ అదిరింది. నాని యాక్టింగ్ సూపర్. ఏడుపొచ్చింది."

ఇది స్పందనే. ఇక దీన్ని తవ్వాలి. ఏడుపొచ్చింది సరే, ఎప్పుడు? జట్టులోకి ఎంపికయ్యాడని తెలిసినప్పుడా? కాదు. అప్పుడు సంతోషం వేసింది. స్టేషన్‌కి పరుగెత్తుతున్నప్పుడా? అప్పుడు "ఎక్కడికి పోతున్నాడు?" అన్న కుతూహలం. రైలు వచ్చి, ఆ హోరులో గొంతు చించుకుని అరిచినప్పుడు. మరి అరవడానికి రైలు దాకా ఎందుకు పోవడం? ఇంట్లో అరవలేడు. వీధిలో అరిస్తే చూసేవాళ్ళుంటారు. ఇన్నేళ్ళ ఓటమి తర్వాత వచ్చిన సంతోషాన్ని కూడా ఒకరి కంట పడకుండా దాచుకోవాల్సిన మనిషి అతను. రైలు చప్పుడు అతనికి చాటు ఇచ్చింది. అరుపు మనకి కనిపిస్తుంది, ప్లాట్‌ఫారమ్ మీద ఎవరికీ వినిపించదు.

ఇప్పుడు పేజీ ఇలా మారుతుంది: "గెలిచాడని ఏడుపు రాలేదు. గెలిచినా ఆ మాట చెప్పుకోవడానికి ఒక రైలు కావాల్సి వచ్చిందని వచ్చింది. డైలాగు ఉండి ఉంటే ఇంత తగిలేది కాదు." మూడే వాక్యాలు. కానీ ఇవి మీవి, ఇంకెవరి నోటా వినలేదు. ఈ సినిమాకి ఎడిటింగ్‌లో నవీన్ నూలికి జాతీయ అవార్డు వచ్చింది. అది తెలిశాక మళ్ళీ ఆ సీను చూసి, పరుగు ఎంతసేపు ఉంది, అరుపు ఎంతసేపు ఉంది అని లెక్కపెట్టడం ఇంకో సరదా.

నచ్చనిదానికీ ఇదే పద్ధతి. "పాటలు అనవసరం" అని రాసే బదులు ఏ సీను తర్వాత ఏ పాట వచ్చింది, అది రాకముందు మీరు దేని కోసం ఎదురుచూస్తున్నారు అని రాయండి. అవతల ఒకరి ప్రాణం మీదకు వచ్చి ఉంటే ఇవతల విదేశాల్లో స్టెప్పులేస్తే మనకి కాలుతుంది. కాలాల్సిందే. కానీ కాలిన చోటు ఎక్కడో చెప్పాలి.

'బలగం'లో నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర రాజుకున్న గొడవ చూసి నవ్వొచ్చిందా, సిగ్గేసిందా? విందులో నల్లి బొక్క వడ్డించలేదని ఒక అల్లుడు ఏళ్ళ తరబడి అత్తారింటి గడప తొక్కకపోవడం వినడానికి వెర్రిగా ఉంటుంది. మన ఇళ్ళల్లో పెళ్ళి పత్రికలో పేరు కింద వేశారని మాటలు మానేసిన బాబాయిలు గుర్తొచ్చేదాకా. అలా ఇల్లు గుర్తొచ్చిందంటే అది కూడా రాయండి, సిగ్గుపడక్కర్లేదు. ఒక హద్దు మాత్రం పెట్టుకోండి: జ్ఞాపకం రెండు వాక్యాలు దాటకూడదు. దాటితే పేజీలో సినిమా పోయి ఆత్మకథ మిగులుతుంది.

పాత సినిమా చూసే పద్ధతి కొంచెం వేరు

ముందు టీవీ సంగతి చూడండి. అప్పటి నలుపు తెలుపు సినిమాల ఫ్రేము ఇంచుమించు చదరంగా ఉంటుంది. ఇప్పటి టీవీలు చాలాసార్లు దాన్ని రెండు పక్కలకీ లాగి తెర నిండా పరుస్తాయి. సావిత్రి ముఖం అప్పడంలా కనిపిస్తుంటే సెట్టింగుల్లోకి వెళ్ళి 4:3 పెట్టండి. పక్కన నల్లటి పట్టీలు వస్తాయి, రానివ్వండి.

ఏ ప్రింటు చూశారో కూడా రాయాలి. 'మాయాబజార్'ని 2010లో రంగుల్లో విడుదల చేశారు. దానికోసం ఫ్రేముని వెడల్పాటి స్కోప్‌కి మార్చారు, నిడివి కూడా తగ్గించారు. పిల్లలకి చూపించడానికి అది బాగానే ఉంటుంది. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెల మీద మీకేమనిపించిందో రాయాలంటే నలుపు తెలుపుదే చూడాలి. ఆయన వెలుగునీడలతో వేసినదానికి రంగులు పులిమాక మనం చూసేది ఇంకొకరి పని.

ఆ తర్వాత నిదానం. "పాత సినిమాలు స్లో" అని అందరూ అనేదే. మొదటి అరగంట నాకూ కాలు ఊగుతూనే ఉంటుంది. అందుకే పాత సినిమాకి రాత్రి పది తర్వాత కూర్చోను, ఆదివారం పొద్దున కూర్చుంటాను. పాట వచ్చినప్పుడు ముందుకు జరపకండి, ఎందుకంటే కథ పాటలో నడుస్తుంటుంది. 'లాహిరి లాహిరి లాహిరిలో' చూడండి. పడవలో మొదట శశిరేఖా అభిమన్యులు ఉంటారు. పిల్లల్ని చూడబోయిన కృష్ణుడూ రుక్మిణీ అదే పడవెక్కి వాళ్ళూ పాడతారు. ఆ తర్వాత బలరాముడూ రేవతీ. ప్రేమికుల పాట అనుకున్నది పెద్దవాళ్ళ పాట కూడా అయిపోతుంది. తర్వాత కథలో అడ్డుపడబోయేది ఆ పెద్దవాళ్ళలో కొందరేనని తెలిసి రెండోసారి చూస్తే, ఆ వెన్నెల అంత హాయిగా ఉండదు.

ఇదే సినిమాలో ఒక సాధన ఉంది, తప్పక చేయండి. ఎస్వీ రంగారావు వేసిన ఘటోత్కచుడు శశిరేఖ (సావిత్రి) వేషంలో ఉన్న సన్నివేశాలను ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. సావిత్రి భుజాలు మాత్రమే గమనించండి. ఎవరూ లేనప్పుడు విచ్చుకుంటాయి, కాళ్ళు బార్లా పడతాయి, గడ్డం పైకి లేస్తుంది. ఎవరో వస్తున్న అలికిడి కాగానే అన్నీ ఒక్కసారిగా ముడుచుకుని ఆడపిల్ల నడక వచ్చేస్తుంది. అంటే ఆవిడ నటిస్తున్నది శశిరేఖని కాదు. శశిరేఖలా నటిస్తున్న ఎస్వీ రంగారావుని. ఆ తర్వాత బొమ్మ చూడకుండా సౌండ్ ఒక్కటే వినండి, 'అహ నా పెళ్ళియంట'లో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు ఎక్కడ దూరుతుందో. రెండు విడివిడి పేజీలు వస్తాయి, రెండూ బాగుంటాయి.

క్లాసిక్ అన్నారు కాబట్టి నచ్చి తీరాలనేం లేదు. 'శంకరాభరణం' (1980) చూసి సంగీతానికి తల ఊపి, తులసి తను గురువుగా కొలిచే శంకరశాస్త్రి పాదాల దగ్గరే ప్రాణం వదలడం దగ్గర ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు. రెండూ రాయండి. ఒకదానితో ఇంకొకటి కొట్టేయక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, కానీ సరిగ్గా అడగండి

"ఆ సినిమా ఎలా ఉండేది?" అంటే "అబ్బో, అప్పటి సినిమాలే వేరు" అంటారు. అక్కడితో అయిపోతుంది. "ఏ థియేటర్లో చూశారు? ఎవరితో వెళ్ళారు? టికెట్ దొరికిందా?" అని అడిగితే మాటలు వస్తాయి. సికింద్రాబాద్ సంగీత్, బషీర్‌బాగ్ స్కైలైన్ లాంటివి ఇప్పుడు లేవు. వాటి మెట్లు, క్యాంటీన్ సమోసా, బ్లాకులో కొన్న టికెట్టు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. వాళ్ళు చెప్పింది మీ పేజీ పక్కన వేరే సిరాతో రాయండి. మీ పేజీ రాసుకున్నాకే అడగండి, ముందు అడిగితే అమ్మకి నచ్చింది మీకూ నచ్చేస్తుంది.

రివ్యూలు కూడా ఇప్పుడు చదువుకోవచ్చు. చదివి మనసు మారితే పాత పేజీ కొట్టేయకుండా కింద తేదీ వేసి కొత్తగా రాయండి.

మళ్ళీ చూడడం

చాలా సినిమాలు ఓటీటీలోకి నెల తిరక్కుండానే వచ్చేస్తున్నాయి కాబట్టి ఇది సులువైంది. సినిమా అంతా అక్కర్లేదు. పేజీలో రాసుకున్న మూడు చోట్లకి మాత్రం వెళ్ళండి: గుర్తున్న బొమ్మ, వాచీ చూసుకున్న చోటు, గొంతు పట్టేసిన చోటు. థియేటర్లో ఉర్రూతలూగించిన ఎలివేషన్ ఫోన్ తెర మీద వెలవెలబోతే హాలు వాటా ఎంతో తేలిపోయింది. ఇంట్లో కూర్చుని చూసినా మళ్ళీ గొంతు పట్టేస్తే ఆ సీను నిఖార్సైనది. గుర్తున్న బొమ్మ సినిమాలో అసలు లేకపోవడం కూడా జరుగుతుంది. మీరు కల్పించుకున్నదన్నమాట. దాన్ని మాత్రం పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.

నక్షత్రాలు, స్పాయిలర్లు, "చూడొచ్చా?"

రేటింగ్ ఇవ్వకండి. ఇచ్చి తీరాలనిపిస్తే ఏడాది చివర ఇవ్వండి. అప్పటికి ఏది గుర్తుందో అదే రేటింగ్.

మీ పేజీలో ముగింపు గురించి ధారాళంగా రాసుకోండి, అది మీ సొంతం. ఎవరికైనా పంపేటప్పుడు ఆ ముక్క తీసేయండి.

ఇక ఫ్యామిలీ గ్రూపులో పిన్ని "చూడొచ్చా నాన్నా?" అని అడుగుతుంది. మీ పేజీ అంతా ఆవిడకి పంపకండి. ఎవరితో వెళ్తోందో, పిల్లలు ఉన్నారో లేదో, నెత్తురు చూడగలదో లేదో కనుక్కుని, వెళ్ళమనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పండి. ఆవిడ చూసొచ్చాక ఏ సీను గుర్తుందో అడిగి, అది కూడా ఆ పేజీ పక్కనే ఎక్కించండి.